ఎత్తు వేయడం తేలిక, పావు ఎత్తడం కష్టం: చెస్ ఆడే రోబోటిక్ ఆర్మ్ ఎలా పనిచేస్తుంది?

చెస్ ఆడే రోబోటిక్ ఆర్మ్ వీడియోలు ఈ మధ్య మీ ఫీడ్‌లోనూ వచ్చే ఉంటాయి. బోర్డు పక్కన ఒక చెయ్యి నిలబడి ఉంటుంది. మనం గుర్రాన్ని కదపగానే కాసేపు ఆగి, మెల్లగా వంగి, తన బంటును పట్టుకుని రెండు గళ్ళు ముందుకు పెడుతుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఆ వీడియోల పుణ్యమా అని నాకు వచ్చే మెయిల్స్‌లో రెండు రకాల ప్రశ్నలు ఎక్కువయ్యాయి. ఇంజినీరింగ్ స్టూడెంట్స్ "ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌గా ఇది కట్టొచ్చా?" అని అడుగుతున్నారు. పేరెంట్స్ "మా బాబు చెస్ క్లాసుకి వెళ్తున్నాడు, ఇది కొనిపెట్టొచ్చా?" అంటున్నారు. కోనేరు హంపి, అర్జున్ ఎరిగైసి లాంటి వాళ్ళని చూసి పిల్లల్ని చెస్‌లో చేర్పిస్తున్న ఇళ్ళు మన దగ్గర తక్కువేమీ లేవు కాబట్టి రెండో ప్రశ్న ఇంకా ఎక్కువగా వస్తోంది.

ఆ చెయ్యి లోపల ఏం జరుగుతోందో తెలిస్తే రెండింటికీ సమాధానం దొరుకుతుంది. అందుకే దీన్ని రివ్యూలా కాకుండా పాఠంలా రాస్తున్నాను. లెక్కలు కొంచెం ఉంటాయి, కానీ పదో తరగతి దాటవు.

ప్రపంచ చాంపియన్‌ని ఓడించిన కంప్యూటర్‌కి చెయ్యి లేదు

1997 మేలో న్యూయార్క్‌లో ఐబీఎం వాళ్ళ డీప్ బ్లూ అప్పటి ప్రపంచ చాంపియన్ గ్యారీ కాస్పరోవ్‌ని 3.5–2.5 పాయింట్లతో ఓడించింది. ఆ ఆరు గేముల్లో డీప్ బ్లూ ఒక్క బంటును కూడా తాకలేదు. కాస్పరోవ్ ఎదురుగా ఐబీఎం టీమ్‌లో ఒకరు కూర్చుని, స్క్రీన్ మీద వచ్చిన ఎత్తు చూసి, తన చేత్తో పావు జరిపేవారు. 2016 మార్చిలో సియోల్‌లో ఆల్ఫాగో లీ సెడాల్‌తో గో ఆడినప్పుడూ ఇదే కథ. రాళ్ళు పెట్టింది డీప్‌మైండ్ టీమ్ సభ్యుడు ఆజా హువాంగ్.

హాన్స్ మొరావెక్ అనే రోబోటిక్స్ శాస్త్రవేత్త 1988లో వచ్చిన తన 'మైండ్ చిల్డ్రన్' పుస్తకంలో ఈ తిరకాసు గురించే రాశాడు. మనకి బుర్ర పగిలే పనులు కంప్యూటర్‌కి తేలిక. చంటిపిల్లలు చేసే చూడటం, పట్టుకోవడం, కదలడం లాంటివి దానికి మహా కష్టం. దీన్నే ఇప్పుడు మొరావెక్ పారడాక్స్ అంటారు.

ఇవాళ మీ జేబులో ఉన్న ఫోన్‌లో ఉచితంగా దొరికే స్టాక్‌ఫిష్ ఇంజిన్ ఏ గ్రాండ్‌మాస్టర్‌నైనా ఓడిస్తుంది. ఎత్తు ఆలోచించడం అనే భాగం అయిపోయిన పని. ఇంజిన్ మనకి ఇచ్చే జవాబు నాలుగే అక్షరాలు: "ఇ2ఇ4". అంటే ఇ2 గడిలో ఉన్నదాన్ని ఇ4 గడికి తీసుకెళ్ళు అని. ఆర్మ్‌కి కష్టాలన్నీ ఈ నాలుగు అక్షరాల తర్వాతే మొదలవుతాయి.

పైనుంచి చెయ్యా, కింద నుంచి అయస్కాంతమా?

ఐడియా మాత్రం చాలా పాతది. 1770లో వుల్ఫ్‌గ్యాంగ్ వాన్ కెంపెలెన్ వియన్నాలో మహారాణి మరియా థెరీసా ముందు 'టర్క్' అనే చెస్ ఆడే బొమ్మను ప్రదర్శించాడు. అది మోసం, లోపల మనిషి దాక్కుని ఉండేవాడు. అయినా నాకు నచ్చేది ఆ మోసంలో ఉన్న ఇంజినీరింగే. పెట్టెలో ఉన్న మనిషికి పైన బోర్డు కనిపించదు కదా! అందుకని ప్రతి పావు అడుగున అయస్కాంతం పెట్టారు. ఒక్కో గడి కింద వేలాడే చిన్న ఇనుప ముక్కలు ఆ అయస్కాంతానికి అతుక్కోవడం, వదలడం చూసి ఏ పావు ఎక్కడినుంచి లేచిందో అతను పసిగట్టేవాడు. ఇప్పటి స్మార్ట్ బోర్డుల్లో రీడ్ స్విచ్‌లు చేసే పని సరిగ్గా ఇదే.

మోసం లేని మొదటి యంత్రం స్పెయిన్ ఇంజినీర్ లియోనార్డో టోరెస్ కెవెడో 1912లో తయారుచేసిన 'ఎల్ అజెడ్రెసిస్టా'. 1914లో పారిస్‌లో ప్రదర్శించారు. పూర్తి ఆట ఆడదు. యంత్రం దగ్గర తెల్ల రాజు, ఏనుగు ఉంటాయి. మనిషి దగ్గర నల్ల రాజు ఒక్కటే. అంత చిన్న ఎండ్‌గేమ్‌ని ఎవరి సాయం లేకుండా గెలిచేది. మొదటి మోడల్‌లో పావుల్ని కదపడానికి యాంత్రికమైన చెయ్యి ఉండేది. 1920లో చేసిన రెండో మోడల్‌కి వచ్చేసరికి బోర్డు కింద అయస్కాంతాలు వచ్చాయి. అంటే పైనుంచి చెయ్యా, కింద నుంచి అయస్కాంతమా అనే చర్చకి వందేళ్ళు దాటిపోయింది.

1980ల్లో షాపుల్లోకి వచ్చిన చెస్ కంప్యూటర్లలోనూ ఈ రెండు దారులే కనిపిస్తాయి. 1982లో నోవాగ్ కంపెనీ 'రోబో అడ్వర్సరీ'ని నిజమైన చెయ్యితో తెచ్చింది. మరుసటి ఏడాదే మిల్టన్ బ్రాడ్లీ 'గ్రాండ్‌మాస్టర్' బోర్డు కింద అయస్కాంతంతో పావుల్ని వాటంతటవే నడిపించింది. 2016లో కిక్‌స్టార్టర్‌లో పేరు తెచ్చుకున్న ముంబై స్క్వేర్ ఆఫ్ కూడా అయస్కాంతం దారిలోదే.

అయస్కాంతం పద్ధతి ఎందుకు బతికిందంటే అది సింపుల్. త్రీడీ ప్రింటర్‌లో ఉన్నట్టే రెండు పట్టాల మీద ఒక తల అటూ ఇటూ తిరుగుతుంది, దాని మీద విద్యుదయస్కాంతం ఉంటుంది. పట్టుకోవడం, పైకి లేపడం అనే గొడవే లేదు. ఇబ్బంది గుర్రంతో వస్తుంది. అది పావుల మీదుగా దూకాలి కదా, ఇక్కడ దూకడం కుదరదు. అందుకని గళ్ళ మధ్య గీతల వెంబడి, రెండు పావుల సందులోంచి జారుతూ వెళ్తుంది. ఆ సందులో పట్టాలంటే పావు అడుగు సన్నగా ఉండాలి. అలాంటి బోర్డుల్లో గళ్ళతో పోలిస్తే పావులు చిన్నగా ఉండేది ఇందుకే.

బోర్డు మీద ఏముందో ఎలా తెలుస్తుంది?

చాలామంది ఇక్కడ ఏఐ మోడల్‌తో మొదలుపెడతారు. వేల ఫోటోలు తీసి, ఇది శకటు, ఇది మంత్రి అని గుర్తుపట్టేలా ట్రైన్ చేస్తారు. నా ఉద్దేశంలో చెస్‌కి అంత అవసరం లేదు. ఆట మొదట్లో ఏది ఎక్కడుందో మనకి ముందే తెలుసు. ఆ తర్వాత ఏ గళ్ళలో మార్పు వచ్చిందో తెలిస్తే చాలు. ఎత్తుకి ముందు ఒక ఫోటో, తర్వాత ఒక ఫోటో తీసి తేడా చూస్తే రెండు గళ్ళు మారినట్టు కనిపిస్తాయి. పైగా ఆట రూల్సే మనకి సాయం చేస్తాయి. మొదటి ఎత్తులో చెల్లుబాటయ్యే మూవ్స్ మొత్తం 20 మాత్రమే. ఫోటోలో గడి కాస్త మసకగా కనిపించినా ఆ 20లో ఏది సరిపోతుందో చూసుకుంటే దాదాపు ఎప్పుడూ ఒక్కటే మిగులుతుంది.

కెమెరా మాత్రం నడినెత్తిన ఉండాలి. పక్కనుంచి పెడితే రాజు వెనకున్న బంటు దాక్కుంటుంది. మన ఇళ్ళకే ప్రత్యేకమైన ఇంకో చిక్కు సీలింగ్ ఫ్యాన్. లైట్ ఫ్యాన్ పైన ఉంటే రెక్కల నీడలు బోర్డు మీద తిరుగుతూ ఉంటాయి, సాఫ్ట్‌వేర్‌కి ప్రతి గడీ మారినట్టే కనిపిస్తుంది. బోర్డుకి విడిగా ఒక చిన్న ఎల్ఈడీ ల్యాంప్ పెట్టుకోండి, సగం తలనొప్పి పోతుంది.

రెండో దారి రీడ్ స్విచ్‌లు. గడికి ఒకటి చొప్పున 64, పావుల కింద అయస్కాంతాలు. 8 అడ్డు, 8 నిలువు వైర్లుగా మ్యాట్రిక్స్ చేస్తే 16 పిన్‌లతో పని అయిపోతుంది. కానీ ప్రతి స్విచ్‌కి ఒక డయోడ్ వేయాల్సిందే. లేకపోతే మూడు మూలల్లో పావులు ఉన్నప్పుడు నాలుగో మూల ఖాళీగా ఉన్నా నిండినట్టు చూపిస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు డయోడ్లు చాలు. ఈ పద్ధతిలో లైటు, నీడ సమస్య ఉండదు. అయితే గడిలో ఏదో ఉందని మాత్రమే తెలుస్తుంది, అది ఏ పావో తెలియదు. బంటు చివరి వరుసకి చేరినప్పుడు మీరు మంత్రిని పెట్టారో గుర్రాన్ని పెట్టారో అది కనుక్కోలేదు. బటన్‌తో చెప్పాలి.

ఒక్క డిగ్రీ తేడా వస్తే?

అసలు పాఠం ఇక్కడుంది. స్టూడెంట్స్ కొంచెం ఆగి చదవండి.

5 సెంటీమీటర్ల గళ్ళున్న బోర్డు తీసుకుందాం. ఒక వైపు మొత్తం 40 సెం.మీ. అవుతుంది. ఆర్మ్ బేస్‌ని బోర్డు అంచుకి 10 సెం.మీ. వెనక, సరిగ్గా మధ్యలో పెట్టామనుకోండి. అవతలి మూల గడి మధ్య బిందువు ఎంత దూరం? ముందుకి 47.5, పక్కకి 17.5. పైథాగరస్ సిద్ధాంతం వేస్తే సుమారు 50.6 సెం.మీ. వస్తుంది. అంటే చెరి 25 సెం.మీ. ఉన్న రెండు లింకుల చెయ్యి పూర్తిగా చాచినా ఆ మూలనున్న ఏనుగుని అందుకోలేదు! 30, 35 సెం.మీ. రీచ్ ఉన్న చిన్న కిట్లు టోర్నమెంట్ సైజు బోర్డుకి పనికిరానిది ఇందుకే.

ఇప్పుడు కచ్చితత్వం చూద్దాం. బేస్ మోటారు ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే 50 సెం.మీ. దూరంలో కొస ఎంత జరుగుతుంది? సుమారు 8.7 మిల్లీమీటర్లు. ఫిడే ప్రమాణాల ప్రకారం రాజు ఎత్తు 9.5 సెం.మీ., దాని అడుగు వెడల్పు ఎత్తులో 40 నుంచి 50 శాతం ఉండాలి, అంటే కనీసం 3.8 సెం.మీ. అలాంటి రాజుని 5 సెం.మీ. గడిలో పెడితే ఒక్కో వైపు మిగిలే ఖాళీ 6 మి.మీ. మన తప్పు 8.7, ఉన్న చోటు 6. పావు గీత దాటేసి పక్క గడిలోకి వెళ్ళిపోయింది.

"అయితే చిన్న బోర్డు వాడదాం" అని ఎవరైనా అంటారు. 3 సెం.మీ. గళ్ళ బోర్డుకి అవతలి మూల సుమారు 34 సెం.మీ. దూరం. ఒక డిగ్రీకి సుమారు 6 మి.మీ. పావు అడుగు 2.2 సెం.మీ. అనుకుంటే ఖాళీ 4 మి.మీ. మళ్ళీ అదే నిష్పత్తి! బోర్డు, ఆర్మ్ కలిసి చిన్నవైతే కోణం తప్పు అలాగే ఉంటుంది. చిన్న బోర్డు వల్ల లాభం వేరే చోట ఉంది, అది బరువు.

మోటారు బలాన్ని కిలో-సెంటీమీటర్లలో చెబుతారు. ఇరుసుకి 1 సెం.మీ. దూరంలో ఎన్ని కిలోలు మోయగలదు అని అర్థం. గ్రిప్పర్ 100 గ్రాములు, పావు 50 గ్రాములు, 50 సెం.మీ. దూరంలో: 7.5 కిలో-సెం.మీ. ఆర్మ్ సొంత బరువు 300 గ్రాములు, దాని మధ్య భాగం 25 సెం.మీ. దగ్గర: ఇంకో 7.5. మొత్తం 15. భుజం దగ్గర మోటారు ఇంత మోయాలి. అందరూ కొనే చిన్న నీలం రంగు ఎస్‌జీ90 సర్వో బలం 1.8 మాత్రమే. దాని పెద్దన్న ఎంజీ996ఆర్ డేటాషీట్ ప్రకారం 4.8 వోల్టుల దగ్గర 9.4. రెండూ చాలవు. చాలకపోతే చెయ్యి వణుకుతుంది, చాచినప్పుడు కొస కిందికి వాలుతుంది.

దీనికి బలమైన మోటారు కొనడం ఒక దారి. ఆర్మ్ ఆకారం మార్చడం ఇంకో దారి, నాకు ఇదే ఇష్టం. స్కారా అని ఒక రకం ఉంది. మోచెయ్యి, భుజం రెండూ బల్లకి సమాంతరంగా, తలుపు తిరిగినట్టు తిరుగుతాయి. బరువంతా బేరింగుల మీద పడుతుంది, మోటార్లు తిప్పితే చాలు. పైకీ కిందికీ వెళ్ళడానికి ఒక చిన్న మోటారు వేరే ఉంటుంది. చెస్ బోర్డు అనేది చదునుగా ఉండే పని కాబట్టి దీనికి స్కారా బాగా కుదురుతుంది. మనిషి చెయ్యిలా కనిపించదు, వీడియోలో అంత అందంగా ఉండదు. ప్రాజెక్ట్ డెమో రోజు మాత్రం పరువు నిలబెడుతుంది.

కచ్చితత్వం కోసం సర్వో బదులు స్టెప్పర్ మోటారు, టైమింగ్ బెల్టు వాడండి. మామూలు స్టెప్పర్ అడుగు 1.8 డిగ్రీలు. 1:4 బెల్టు తగ్గింపుతో అది 0.45 అవుతుంది. 16 మైక్రోస్టెప్పులు కూడా కలిపితే కాగితం మీద 0.028 డిగ్రీలు, అంటే 50 సెం.మీ. దగ్గర పావు మిల్లీమీటరు. మైక్రోస్టెప్పులు చెప్పినంత కచ్చితంగా ఉండవు, అందుకే "కాగితం మీద" అన్నాను. అయినా మనకున్న 6 మి.మీ. ఖాళీకి ఎంతో మెరుగు.

ఇంకో చిట్కా ఉంది, ఖర్చు లేనిది. గేర్లలో, బెల్టులో కొంచెం లూజు ఎప్పుడూ ఉంటుంది. ఎడమ నుంచి వస్తే ఒక చోట, కుడి నుంచి వస్తే ఇంకో చోట ఆగుతుంది. కాబట్టి ఏ గడికి వెళ్ళినా ఒకే వైపు నుంచి చేరేలా ప్రోగ్రాం రాయండి. అవసరమైతే కాస్త దాటి వెళ్ళి వెనక్కి రావాలి. లూజు అలాగే ఉంటుంది, కానీ ప్రతిసారీ ఒకే వైపు ఉంటుంది కాబట్టి క్యాలిబ్రేషన్‌లో సర్దుకుంటుంది.

కోణాల లెక్క, అంటే ఈ గడికి వెళ్ళాలంటే భుజం ఎంత తిరగాలి, మోచెయ్యి ఎంత మడవాలి అనేది, రెండు లింకులకి కొసైన్ సూత్రంతో తేలిపోతుంది. లైబ్రరీలు కూడా ఉన్నాయి. దాని మీద ఎక్కువ టైమ్ పెట్టకండి.

పావుని చంపడం అంత ఈజీ కాదు

మనం పావుని చంపేటప్పుడు ఒక చేత్తో దాన్ని తీసేస్తూ, అదే ఊపులో మన పావుని అక్కడ పెట్టేస్తాం. ఆర్మ్‌కి అది రెండు ట్రిప్పులు. ముందు చచ్చిన పావుని తీసి బోర్డు బయట పెట్టాలి, తర్వాత వచ్చి తన పావుని కదపాలి. ఇంజిన్ "ఇ4డి5" అని మాత్రమే చెబుతుంది, డి5లో ఎవరో ఉన్నారని చెప్పదు. ఆ సంగతి మన ప్రోగ్రామే చూసుకోవాలి. క్యాస్లింగ్‌కి "ఇ1జి1" అని వస్తుంది, ఏనుగు సంగతి మనమే గుర్తుపెట్టుకోవాలి. ఆన్‌పాసాంలో అయితే చచ్చే బంటు మనం వెళ్ళే గడిలో ఉండనే ఉండదు, పక్క గడిలో ఉంటుంది. పైథాన్-చెస్ లైబ్రరీ వాడితే ఈ మూడింటినీ గుర్తుపట్టే ఫంక్షన్లు రెడీగా దొరుకుతాయి.

ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. 9.5 సెం.మీ. రాజుని ఇంకో రాజు మీదుగా దాటించాలంటే గ్రిప్పర్ బల్లకి 20 సెం.మీ. పైన తిరగాలి. పైగా ఆరు రకాల పావులకి ఆరు రకాల తలలు. గుర్రం తల ఒక వైపుకి వంగి ఉంటుంది, బంటు తల గుండ్రం, శకటుకి గాటు. చైనాకి చెందిన సెన్స్‌టైమ్ కంపెనీ 2022లో తన సెన్స్‌రోబోని ముందు చైనీస్ చెస్ కోసం తెచ్చి, అంతర్జాతీయ చెస్ మోడల్‌ని తర్వాత తెచ్చింది. వాళ్ళ కారణాలు ఏవైనా, ఇంజినీర్‌గా చూస్తే ఆ వరుస సబబే. చైనీస్ చెస్ పావులన్నీ క్యారమ్ కాయిన్‌లా ఒకే ఎత్తు బిళ్ళలు, పట్టుకోవడం ఎంతో తేలిక.

దొరికిన ఏ బోర్డైనా, ఏ పావులైనా పర్వాలేదు అనే స్థాయికి వెళ్ళిన వాటిలో వాషింగ్టన్ యూనివర్సిటీ, ఇంటెల్ ల్యాబ్స్ సియాటిల్ కలిసి చేసిన 'గ్యాంబిట్' ఒకటి. 2010లో జరిగిన ట్రిపుల్‌ఏఐ రోబో పోటీలో తనతో ఆడిన మిగతా రోబోలన్నిటికంటే మెరుగ్గా నిలిచింది. దానికి లోతును కొలిచే కెమెరా, ఆరు దిక్కుల్లో కదిలే ఆర్మ్ ఉన్నాయి. ఇంటి బడ్జెట్‌లో అయ్యే పని కాదు. మీరు మీ పావుల తల మీద ఒకే సైజు ఇనుప వాషర్ అతికించి, గ్రిప్పర్ బదులు విద్యుదయస్కాంతం పెడితే ఆ కష్టం చాలావరకు తప్పుతుంది.

మాస్కోలో ఏం జరిగింది?

2022 జూలైలో మాస్కో ఓపెన్ టోర్నమెంట్‌లో చెస్ ఆడే రోబో ఒకటి ఎదుట కూర్చున్న ఏడేళ్ళ పిల్లవాడి వేలు విరిచింది. వీడియో ప్రపంచమంతా తిరిగింది. రోబో ఒక పావుని తీసేసింది. వెంటనే పిల్లవాడు తన ఎత్తు వేయబోయాడు. చెయ్యి వచ్చి అతని వేలిని బోర్డు మీద అదిమిపెట్టింది. పెద్దవాళ్ళు పరిగెత్తుకొచ్చి వేలు విడిపించారు. మర్నాడు ఆ పిల్లవాడు కట్టుతోనే వచ్చి టోర్నమెంట్ కొనసాగించాడు. రోబో తన ఎత్తు పూర్తిచేసే వరకు ఆగాలని, పిల్లవాడు తొందరపడ్డాడని నిర్వాహకులు అన్నారు.

నాకు ఆ మాట మింగుడుపడలేదు. ఏడేళ్ళ పిల్లవాడు తొందరపడటం అనుకోని ప్రమాదం కాదు, ఆ వయసు అంతే. నా దగ్గరున్న చిన్న ఆర్మ్ ముందు మా మేనల్లుడిని కూర్చోబెట్టినప్పుడు రెండో ఎత్తుకే "మామయ్యా, ఇది ఎంతసేపు చేస్తుంది?" అంటూ చెయ్యి బోర్డు మీదకి తెచ్చేశాడు. పావు గాల్లో ఉండగానే! పిల్లలు కూర్చునే చోట పెట్టే యంత్రం దాన్ని లెక్కలోకి తీసుకునే పుట్టాలి.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం తెలియాలి. మామూలు సర్వోకి మనం ఇచ్చేది "ఈ కోణానికి వెళ్ళు" అనే ఆర్డర్. దారిలో ఏదైనా అడ్డొస్తే అది ఆగదు. కోణం ఇంకా రాలేదు కాబట్టి ఇంకా గట్టిగా తోస్తుంది, తన బలమంతా పెట్టి. అడ్డొచ్చింది చెక్క ముక్కో, పిల్లవాడి వేలో దానికి తెలియదు. మూడు వైర్ల చవక సర్వో ఎక్కడుందో, ఎంత లోడ్ పడుతోందో మన బోర్డుకి తిరిగి చెప్పే దారి కూడా లేదు.

మరి పావు పట్టుకోవడానికి అసలు ఎంత బలం కావాలి? 50 గ్రాముల పావు, రెండు వేళ్ళ గ్రిప్పర్, కొసలకి రబ్బరు. ఘర్షణ గుణకం 0.5 అనుకుంటే ఒక్కో వేలు 50 గ్రాముల బరువుకి సమానమైన బలంతో నొక్కితే చాలు. జారకుండా రెట్టింపు పెట్టుకుందాం: 100 గ్రాములు. వేలు విరిచేంత బలం ఈ పనిలో ఎక్కడా అవసరం లేదు. ఫ్యాక్టరీ ఆర్మ్‌ని తెచ్చి చెస్ బోర్డు ముందు పెట్టడం అంటే పెసరట్టు తిప్పడానికి గడ్డపార వాడటం.

మనుషుల పక్కన పనిచేసే రోబోల కోసం 2016లో వచ్చిన ఐఎస్ఓ టీఎస్ 15066 అనే పత్రం శరీరంలో ఏ భాగానికి ఎంత బలం, ఎంత ఒత్తిడి దాటకూడదో విడివిడిగా చెబుతుంది. అది పరిశ్రమల కోసం రాసింది. మన ఇంట్లో పిల్లలకి అంతకంటే చాలా తక్కువలో ఉండాలి.

కాబట్టి కట్టేవాళ్ళు మూడు వైర్ల సర్వో వదిలేసి, ఫీటెక్ ఎస్‌టీఎస్3215, డైనమిక్సెల్ లాంటి సీరియల్ బస్ సర్వోలు చూడండి. అవి తమ స్థానాన్ని, లోడ్‌ని తిరిగి చెబుతాయి. టార్క్ పరిమితిని మనమే సెట్ చేయొచ్చు. లోడ్ ఒక్కసారిగా పెరిగితే ఆర్మ్ ఆగి, పైకి లేచి, వదిలేసేలా రాయండి. కెమెరా ఎలాగూ ఉంది కదా, ఆర్మ్ కదులుతున్నంతసేపూ అది బోర్డుని చూస్తూనే ఉండాలి, చెయ్యి కనిపిస్తే ఆపెయ్యాలి. చాలా ప్రాజెక్టుల్లో కెమెరా ఎత్తు అయ్యాకే కళ్ళు తెరుస్తుంది.

అయితే కొనాలా వద్దా?

పిల్లలకి చెస్ నేర్పడమే మీ ఉద్దేశమైతే ఆర్మ్ అక్కర్లేదు. లిచెస్ ఉచితం, కోచ్ ఉంటే ఇంకా మంచిది. స్క్రీన్ వద్దు, చెక్క బోర్డే కావాలంటే డీజీటీ లాంటి కంపెనీల సెన్సర్ బోర్డులు ఉన్నాయి. వాటిలో కొన్ని కంప్యూటర్ ఎత్తుని లైట్లతో చూపిస్తాయి, దాని పావుని కూడా మనమే జరపాలి. పిల్లలకి అదీ ఒక రకం ప్రాక్టీసే. ఇక అయస్కాంతం బోర్డుల్లో మోటారు అడుగున దాగి ఉంటుంది కాబట్టి వేళ్ళకి భయం లేదు. చిన్నపిల్లలున్న ఇంటికి, పావులు వాటంతటవే కదిలే సరదా కావాలంటే నా ఓటు దానికే. కాకపోతే కొనేముందు ఇంటర్నెట్ లేకుండా, యాప్ లేకుండా ఆడుతుందో లేదో అడగండి. యాప్ ఆగిపోయిన రోజు ఖరీదైన చెక్కపలక మిగలకూడదు.

ఆర్మే కావాలంటే, డెమో దొరికితే, రెండు పరీక్షలు చేయండి. వంటింట్లో వాడే డిజిటల్ త్రాసుని బోర్డు మీద పెట్టి, ఆర్మ్ పావు పెట్టడానికి దిగే చోట దాన్ని అడ్డంగా ఉంచండి. ఎన్ని గ్రాములు చూపించాక ఆర్మ్ వెనక్కి తగ్గుతుందో చూడండి. నేనైతే 500 గ్రాములు దాటితే ఒప్పుకోను. రెండోది గ్రిప్పర్‌కి. లేత బెండకాయ ఒకటి తీసుకుని, పావుకి బదులు దాని వేళ్ళ మధ్య పెట్టి మూయమనండి. బెండకాయ మీద నొక్కు పడితే ఆ గ్రిప్పర్ బలం తగ్గించాలి. విరిగితే షాపు వాడికి నమస్కారం పెట్టి బయటికి వచ్చేయండి. ఈ పరీక్షకి మీ వేలు, పిల్లల వేలు వాడొద్దు, బెండకాయే వాడండి.